క్వారీ కార్మికుడి ఎక్స్‌రే, కృత్రిమ మేధ స్కోరు: ఒకే రోగిలో రెండు నిర్ధారణలు

హన్మకొండలో ఛాతీ వ్యాధుల వైద్యుడిగా నేను చూసే రోగుల్లో కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల్లో, కంకర క్రషర్లలో, భూపాలపల్లి, గోదావరిఖని బొగ్గు గనుల్లో ఏళ్ల తరబడి పనిచేసినవారు చాలామంది ఉంటారు. ఊళ్లలో జరిగే టీబీ శిబిరాలకు చేతిలో పట్టుకునే ఎక్స్‌రే యంత్రాలూ, తీసిన చిత్రాన్ని అక్కడికక్కడే చదివే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లూ వచ్చాక, వీరిలో కొందరు ఒక స్కోరు రాసిన కాగితం పట్టుకుని వస్తున్నారు. ఆ స్కోరుకు ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్న ఒకే రోగి విషయంలో కొద్ది నెలల తేడాతో రెండుసార్లు ఎదురైన కేసు ఇది. రోగి అనుమతితో రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టగలిగే వివరాలను మార్చాను.

రోగి చరిత్ర

రోగి 52 ఏళ్ల పురుషుడు, కరీంనగర్ జిల్లాలోని ఒక గ్రామ నివాసి. 2025 ఆరంభంలో తన ఊరి శిబిరంలో ఎక్స్‌రే తీయించుకున్నారు. సాఫ్ట్‌వేర్ 0 నుంచి 1 వరకు ఉండే కొలమానంలో 0.93 స్కోరు ఇచ్చి, టీబీ సూచనలు ఉన్నాయని చూపింది. శిబిరం సిబ్బంది నియమం ప్రకారం తెమడ తీసుకుని, అందులో టీబీ క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే ట్రూనాట్ పరీక్షకు పంపగా, టీబీ క్రిములు లేవని ఫలితం వచ్చింది. అయినా యంత్రం ఇంత గట్టిగా చెబుతున్నప్పుడు ఆగడం మంచిది కాదంటూ ఊరి దగ్గరి ఒక ప్రైవేటు వైద్యుడు టీబీ మందులు మొదలుపెట్టమని రాసిచ్చారు. ఆ చీటీ పట్టుకుని, మందులు వేసుకునే ముందు ఒకసారి చూపించుకుందామని ఆయన భార్య పట్టుబట్టడంతో నా దగ్గరికి వచ్చారు.

ఆమె పట్టుదలకు కారణం ఉంది. అంతకుముందు రెండుసార్లు ఆయన ఆరేసి నెలల టీబీ చికిత్స పూర్తిచేశారు. రెండుసార్లూ ఎక్స్‌రే చూసే మందులు మొదలుపెట్టారు. పాత కాగితాలన్నీ తిరగేసినా తెమడలో క్రిములు కనిపించినట్టు ఒక్క రిపోర్టు కూడా లేదు. మందులు వాడినంత కాలం దమ్ము తగ్గలేదు, ఆపిన తర్వాత పెరగనూ లేదు. మెట్లు ఎక్కినా, పొలం గట్టు మీద కాస్త వేగంగా నడిచినా ఆయాసం, పొద్దున లేవగానే కొద్దిపాటి దగ్గు మూడేళ్లుగా ఉన్నాయి. జ్వరం లేదు, రాత్రి చెమటలు లేవు, బరువు తగ్గలేదు, ఆకలి బాగానే ఉంది. ఊపిరి ఊదే పరీక్షలో ఊపిరితిత్తుల సామర్థ్యం ఓ మోస్తరుగా తగ్గినట్టు తేలింది.

శిబిరం ఫారంలో వృత్తి దగ్గర ‘వ్యవసాయ కూలీ’ అని ఉంది. మా ఓపీలో అడిగినప్పుడు కూడా ఆయన మొదట అదే చెప్పారు. ఛాతీ రోగిని ఇప్పుడేం పని చేస్తున్నావని అడిగితే సరిపోదని, మొదటి పని దగ్గర్నుంచి వరుసగా చెప్పించుకోవాలని నా దగ్గర పనిచేసే యువ వైద్యులకు పదేపదే చెబుతుంటాను. అలా అడిగిన తర్వాత వచ్చిన జవాబును ఆయన మాటల్లోనే రాస్తున్నాను: “ఇప్పుడంటే పొలం పని సారూ. అంతకుముందు ఇరవై ఏండ్లు క్వారీల కంప్రెసర్ మీద చేసిన. రాయికి బొక్కలు కొట్టుడే నా పని. దుమ్ముకు పక్కన నిలబడ్డోడు కూడ కనపడకపోయేది. నీళ్లు పోసుకుంట కొట్టుడు మేం చేసినప్పుడు లేకుండె.”

గ్రానైట్ అనే రాయిలో కనీసం ఐదో వంతు క్వార్ట్జ్, అంటే స్ఫటిక రూపంలోని సిలికా ఉంటుంది. నీళ్లు వాడకుండా డ్రిల్ చేసినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనిపించే రేణువులు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. ఐదు మైక్రాన్ల లోపు సన్నని రేణువులు గాలి గదుల దాకా వెళ్తాయి. అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు ఆ రేణువులను మింగి, జీర్ణించుకోలేక చచ్చిపోతాయి. విడుదలైన రేణువును మరో కణం మింగుతుంది. ఈ ప్రక్రియ చుట్టూ మచ్చ కట్టి గట్టి గడ్డలుగా మారడమే సిలికోసిస్. పని మానేసి ఏళ్లు గడిచినా ఊపిరితిత్తుల్లో మిగిలిన సిలికా తన పని తాను చేస్తూనే ఉంటుంది. దాన్ని కరిగించే మందు ఇంతవరకు లేదు. టీబీ క్రిమిని పట్టి చంపాల్సింది కూడా ఈ మాక్రోఫేజ్ కణాలే కాబట్టి, సిలికోసిస్ ఉన్నవారికి టీబీ వచ్చే ముప్పు మామూలు మనిషి కంటే చాలా ఎక్కువ. సాఫ్ట్‌వేర్ టీబీ అని పొరబడిన మనిషికే ముందుముందు నిజంగా టీబీ రావచ్చన్న సంగతి ఈ కేసులో తర్వాత జరిగినదానికి కీలకం.

ఎక్స్‌రేలో కనిపించినవి

శిబిరంలో తీసిన డిజిటల్ చిత్రం నాణ్యత బాగుంది. రెండు ఊపిరితిత్తుల పైభాగాల్లో, కుడి ఎడమలు దాదాపు సమానంగా, గుండ్రని చిన్న మచ్చలు విస్తారంగా ఉన్నాయి. పై భాగాల్లో అవి ఒకదానితో ఒకటి కలిసి పెద్ద ముద్దలుగా మారుతున్నాయి. ఊపిరితిత్తుల మూలాల దగ్గర ఉన్న లింఫ్ గ్రంథుల అంచుల వెంట గుడ్డు పెంకులా సన్నని సున్నపు గీత కనిపించింది. ఆ గీత సిలికోసిస్‌లో చూసే గుర్తు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రంగుల పటంలో రెండు పైభాగాలు ఎర్రగా వెలుగుతున్నాయి. గ్రంథుల దగ్గర ఏ రంగూ లేదు. అంటే మామూలుగా టీబీ ఉండే చోట మచ్చలున్నాయని యంత్రం పట్టుకుంది, ఆ మచ్చలకు వేరే కారణాన్ని చూపే గుర్తును లెక్కలోకి తీసుకోలేదు.

నిర్ధారణకు అన్నిటికంటే ఎక్కువగా తోడ్పడినవి ఆయన భార్య బట్ట సంచిలో భద్రంగా దాచిన పాత ఫిల్ములు. అందులో ఒకటి పదేళ్ల కిందటిది, ఇంకొకటి ఐదేళ్ల కిందటిది. వాటిని వరుసగా లైట్‌బాక్స్ మీద పెట్టి చూస్తే అవే చోట్ల అవే మచ్చలు, ఏళ్ల తరబడి నెమ్మదిగా, రెండు వైపులా ఒకే తీరులో పెరుగుతూ వచ్చాయి. మందులు వేయని టీబీ పదేళ్లపాటు మనిషిని ఇలా నిలకడగా ఉంచదు. మందులు వేసిన టీబీ ఇలా పెరుగుతూ పోదు. సీటీ స్కాన్ ఈ అంచనాను బలపరిచింది. అయినా సిలికోసిస్ ఉన్నవారిలో టీబీ లోపల దాగి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి తెమడను మళ్లీ ట్రూనాట్ లాంటిదే అయిన సీబీనాట్ పరీక్షకూ, క్రిమిని ద్రవ మాధ్యమంలో పెంచి చూసే కల్చర్‌కూ పంపాము. కల్చర్‌లో క్రిమి పెరగలేదని తేల్చడానికి ఆరు వారాలు పడుతుంది. ఆ ఆరు వారాలు ఆయనకు టీబీ మందులు ఇవ్వకుండా, లక్షణాలను గమనిస్తూ ఆగాము. రెండు ఫలితాల్లోనూ టీబీ లేదు. నిర్ధారణ: పెద్ద ముద్దలుగా మారిన సిలికోసిస్.

ఆ స్కోరు దేనికి జవాబు

ఈ సాఫ్ట్‌వేర్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో, ఏం నేర్చుకున్నాయో తెలిస్తే 0.93 అనే సంఖ్యను సరైన చోట పెట్టగలం.

వైద్యంలో కృత్రిమ మేధ 1970లలో నియమాల రూపంలో మొదలైంది. స్టాన్‌ఫర్డ్‌లో తయారైన మైసిన్ అనే వ్యవస్థ సుమారు 600 నియమాల సాయంతో రక్తంలోని బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లకు మందు సూచించేది. తన సూచనకు కారణం అడిగితే ఏ నియమం వాడిందో చెప్పగలిగేది. చిత్రాలను చదివే యంత్రాల దారి వేరు. 1998లో అమెరికాలో మామోగ్రామ్‌లకు (రొమ్ము ఎక్స్‌రేలకు) ఇలాంటి తోడు సాఫ్ట్‌వేర్‌కు తొలిసారి అనుమతి వచ్చింది. అసలు మలుపు 2012 తర్వాత, నియమాలు ఎవరూ రాయకుండానే లక్షల చిత్రాల నుంచి తేడాలను తామే పట్టుకునే న్యూరల్ నెట్‌వర్క్‌లతో వచ్చింది. 2017లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు విడుదల చేసిన 1,12,120 ఛాతీ ఎక్స్‌రేలతో స్టాన్‌ఫర్డ్ బృందం చెక్స్‌నెట్ అనే నమూనాను తయారుచేసి, న్యూమోనియాను గుర్తించడంలో రేడియాలజిస్టులను మించిందని ప్రకటించింది. ఆ చిత్రాలకు తగిలించిన రోగాల పేర్లను రేడియాలజీ రిపోర్టుల్లోంచి మరో సాఫ్ట్‌వేర్ ఏరింది. మరుసటి ఏడాదే న్యూయార్క్ పరిశోధకులు ఇలాంటి నమూనాలను పరీక్షించి, ఒక ఆస్పత్రి చిత్రాలతో నేర్చుకున్నది మరో ఆస్పత్రిలో అంత బాగా పనిచేయదని, కొన్నిచోట్ల యంత్రం రోగంతోపాటు చిత్రం ఏ ఆస్పత్రిదో కూడా పట్టేసి ఆ ఆధారంతో జవాబు చెబుతోందని చూపించారు. ఛాతీ ఎక్స్‌రే మీద పనిచేసే ఏ వైద్యుడైనా ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కనే గుర్తుంచుకోవాలని నా అభిప్రాయం.

టీబీ సాఫ్ట్‌వేర్లు ఈ దారిలోనే ఎదిగాయి. నెదర్లాండ్స్‌లో పుట్టిన క్యాడ్ ఫర్ టీబీ, ముంబైకి చెందిన క్యూర్ డాట్ ఏఐ తయారుచేసిన క్యూఎక్స్‌ఆర్, కొరియాకు చెందిన లూనిట్ వంటివి ఇప్పుడు చాలా దేశాల్లో వాడుకలో ఉన్నాయి. 2021 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 15 ఏళ్లు, ఆపైబడిన వారిలో టీబీ వడపోతకు డిజిటల్ ఎక్స్‌రేను చదవడానికి మనిషికి బదులు ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను వాడవచ్చని సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు వడపోతకు, అంటే ఎవరి తెమడను పరీక్షకు పంపాలో తేల్చడానికి. టీబీ ఉందని నిర్ధారించి మందులు మొదలుపెట్టడానికి కాదు.

స్కోరు జవాబిస్తున్న ప్రశ్న ఏమిటంటే, ఈ చిత్రం నేను చూసిన టీబీ చిత్రాలకు ఎంత దగ్గరగా ఉంది అన్నది. ఈ మనిషికి టీబీ ఉందా అన్న ప్రశ్న దానికి వేయలేదు. 0.93 అంటే టీబీ ఉండే అవకాశం 93 శాతమని మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది, కొందరు వైద్యులు సైతం అనుకుంటున్నారు. అది అవకాశం కాదు. సాఫ్ట్‌వేర్ మారినా, అదే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చినా అదే చిత్రానికి వేరే సంఖ్య రావచ్చు.

లెక్క వేసి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. వడపోత పరీక్ష కనీసం 90 శాతం టీబీ రోగులను పట్టుకోవాలని, టీబీ లేనివారిలో కనీసం 70 శాతం మందిని లేదని చెప్పగలగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం పెట్టింది. మన దేశంలో 2019-21లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన లక్ష మందిలో 316 మందికి ఊపిరితిత్తుల టీబీ ఉంది. ముప్పు ఎక్కువున్న ఊరు కాబట్టి దానికి మూడింతలు అనుకుని, వెయ్యి మందిలో పదిమందికి టీబీ ఉందనుకుందాం. ఆ ప్రమాణాన్ని సరిగ్గా అందుకునే సాఫ్ట్‌వేర్ ఆ పదిమందిలో తొమ్మిదిమందిని పట్టుకుంటుంది. టీబీ లేని 990 మందిలో 297 మందిని కూడా పట్టుకుంటుంది. అంటే ‘ఉంది’ అని కాగితం అందుకున్న 306 మందిలో నిజంగా టీబీ ఉన్నది తొమ్మిదిమందికి. వడపోతలో ఇది దోషం కాదు, ఎందుకంటే ఆ 306 మందికీ తెమడ పరీక్ష చేస్తారు. ఆ పరీక్ష ఫలితాన్ని కాదని స్కోరునే పట్టుకుంటేనే దోషమవుతుంది. ఈ రోగికి మందులు రాసిచ్చిన చోట జరిగింది అదే.

ఇంకోవైపు కూడా చెప్పాలి. అదే శిబిరంలో దగ్గు, జ్వరం ఏవీ లేని ఒక బీడీ కార్మికురాలిని ఇదే సాఫ్ట్‌వేర్ పట్టుకోగా, ట్రూనాట్‌లో టీబీ ఉన్నట్టు తేలి చికిత్స మొదలైంది. లక్షణాలను మాత్రమే అడిగి ఊరుకుంటే ఆమె మరికొన్ని నెలలు ఇంటివాళ్లందరి మధ్య అలాగే ఉండేది. జాతీయ సర్వేలో దొరికిన రోగుల్లో 42.6 శాతం మంది ఎక్స్‌రే లేకపోతే దొరికేవారు కాదు. రేడియాలజిస్టు లేని మండలంలో ఎక్స్‌రేను అప్పటికప్పుడు చదవగలిగేది ప్రస్తుతం ఈ యంత్రమే. 2024 డిసెంబర్ 7న మొదలైన వంద రోజుల టీబీ కార్యక్రమంలో వీటిని ఊళ్లకు తీసుకువెళ్లడం సరైన నిర్ణయమని నేను నమ్ముతున్నాను. సిలికోసిస్ రోగి విషయంలో స్కోరు తప్పిందంటే కారణం ఊహించడం కష్టం కాదు. టీబీ ఉన్న చిత్రాలనూ, మామూలు చిత్రాలనూ వేరుచేయడం నేర్చుకున్న యంత్రానికి మూడో రకం ఊపిరితిత్తులు ఎదురయ్యాయి. వాటి వెనుక ఉన్న ఇరవై ఏళ్ల కంప్రెసర్ పని చిత్రంలో రాసి ఉండదు.

రెండోసారి

టీబీ లేదని తేలిన తర్వాత మా ముందున్న పని దాన్ని రాకుండా చూడటం. సిలికోసిస్ ఉన్నవారిని జాతీయ టీబీ నిర్మూలన కార్యక్రమం టీబీ నివారణ చికిత్స అవసరమైన వర్గాల్లో చేర్చింది. చర్మ పరీక్ష చేస్తే శరీరంలో టీబీ క్రిమి నిద్రాణంగా ఉన్నట్టు తేలింది. నివారణ మందులు వాడమని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. “లేని రోగానికి రెండుసార్లు గోలీలు మింగిన. ఇప్పుడు మీరే లేదంటిరి, మళ్ల మింగమంటిరి” అన్నారు. భార్యను కూర్చోబెట్టి వివరించినా, ఆశా కార్యకర్తతో చెప్పించినా మనసు మార్చుకోలేదు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఆధారం లేకుండా ఇచ్చిన రెండు చికిత్సలు, అవసరమైన మూడోదాని మీద నమ్మకాన్ని తినేశాయి. అందుకే ఎక్స్‌రేను మాత్రమే చూసి టీబీ మందులు మొదలుపెట్టడం వల్ల పెద్దగా నష్టం లేదన్న వాదనతో నేను ఏకీభవించను.

నెలనెలా చూపించుకోవడానికి మాత్రం ఒప్పుకున్నారు. ఎనిమిది నెలల తర్వాత సాయంత్రం పూట జ్వరం, ఆకలి మందగించడం, ఐదు కిలోల బరువు తగ్గడం, తెమడలో రక్తపు చారలతో వచ్చారు. ఎక్స్‌రే తీసి అదే సాఫ్ట్‌వేర్‌తో చదివిస్తే స్కోరు 0.94.

టీబీ లేని రోజున 0.93, ఉందని గట్టిగా అనుమానిస్తున్న రోజున 0.94. స్కోరు ముందే కొలమానం చివరికి చేరిపోయిన మనిషిలో ఆ సంఖ్య ఇక ఏ మార్పునూ చెప్పలేదు. పాత చిత్రం పక్కన పెట్టి చూసినప్పుడు కుడి పైభాగంలోని ముద్ద మధ్యలో కొత్తగా ఒక గుంత, దాని కింద కొత్త మచ్చలు కనిపించాయి. సిలికోసిస్ ముద్దలు రక్తప్రసరణ అందక కూడా మధ్యలో కుళ్లి గుంత పడవచ్చు కాబట్టి, గుంత కనిపించినంత మాత్రాన టీబీ అనకుండా తెమడ పంపాము. సీబీనాట్‌లో టీబీ క్రిమి ఉన్నట్టు, అది ప్రధాన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగుతున్నట్టు వచ్చింది. సిలికోసిస్ ఉన్నవారిలో టీబీని పోలిన ఇతర మైకోబ్యాక్టీరియా కూడా పెరగవచ్చు కనుక కల్చర్‌లో క్రిమి జాతిని నిర్ధారించుకున్నాము. టీబీ రోగుల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో నమోదు చేసి, బరువును బట్టి రోజువారీ మందులు మొదలుపెట్టాము. సిలికోసిస్‌తో కలిసి వచ్చిన టీబీ తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ కావడంతో రెండో దశను మామూలు నాలుగు నెలలకు మించి పొడిగించాలని నిర్ణయించాము. ఈసారి మందుల విషయంలో ఆయనకు సందేహం రాలేదు. తెమడలో క్రిమి దొరికిందని రిపోర్టు చూపిస్తూ చెప్పగలిగాము.

మా దగ్గర మారినవి, మారాల్సినవి

ఈ కేసు తర్వాత మా ఓపీలో ఏ స్కోరు కాగితం వచ్చినా, దాని పక్కన మూడు విషయాలు రాయనిదే ఫైలు ముందుకు కదలదు: మొదటి నుంచి చేసిన పనులు, ఇంతకుముందు టీబీ చికిత్స తీసుకుని ఉంటే అప్పుడు తెమడలో క్రిమి దొరికిందా లేదా, పాత ఎక్స్‌రేలు ఉన్నాయా. శిబిరం ఫారంలో ‘వృత్తి’ అనే గడికి బదులు “క్వారీ, క్రషర్, గని, రాతి పని ఎప్పుడైనా చేశారా, ఎన్నేళ్లు” అన్న ఒక్క ప్రశ్న చేరిస్తే ఏఎన్‌ఎం దాన్ని అరనిమిషంలో అడిగేయగలదు. ఊరిలో ఎవరు ఏ క్వారీలో చేశారో ఆమెకు నాకంటే బాగా తెలుసు.

పాత ఫిల్మును ఫోన్‌తో ఫోటో తీసి సాఫ్ట్‌వేర్‌లో పెట్టి రెండు స్కోర్లు పోల్చడం కొన్నిచోట్ల చూశాను. దాన్ని ప్రోత్సహించను. ఆ సాఫ్ట్‌వేర్లు డిజిటల్ చిత్రం కోసం తయారైనవి, ఫోటోలోని మెరుపూ వంకరా స్కోరును ఎటైనా లాగగలవు. పాత ఫిల్మును పోల్చి చూడాల్సింది వైద్యుడి కన్నే. అయితే ఒకే రోగి డిజిటల్ చిత్రాలను తేదీల వరుసలో పోల్చి, ఏది కొత్తదో చూపించే సామర్థ్యం సాఫ్ట్‌వేర్‌కు వస్తే, మా ప్రాంతంలో అది అధిక స్కోరు కంటే ఎక్కువ పనికొస్తుంది.

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారి ముందున్న అసలు లోటు చిత్రాలది. దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుల ఎక్స్‌రేలను మచ్చల ఆకారం, పరిమాణం, సాంద్రతలను బట్టి వర్గీకరించే పద్ధతిని అంతర్జాతీయ కార్మిక సంస్థ దశాబ్దాల కిందటే తయారుచేసింది. ఆ పద్ధతిలో శిక్షణ పొందిన వైద్యులు చదివి, తెమడ కల్చర్ ఫలితంతో జతచేసిన క్వారీ కార్మికుల చిత్రాలు ఉత్తర తెలంగాణ ఆస్పత్రుల్లో పోగుపడాలి. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెలువరించిన కృత్రిమ మేధ నైతిక మార్గదర్శకాల ప్రకారం రోగుల అనుమతితో, పేర్లు తొలగించి ఆ పని చేయవచ్చు. ఆ మండలికే చెందిన అహ్మదాబాద్ వృత్తి ఆరోగ్య సంస్థ సిలికోసిస్‌ను తొలిదశలో పసిగట్టేందుకు రక్తంలోని సీసీ16 అనే ప్రోటీన్‌ను కొలిచే పరీక్షను అభివృద్ధి చేసింది. ఎక్స్‌రేలో మచ్చలు కనిపించే నాటికే ఆలస్యమవుతున్న ఈ జబ్బులో చిత్రాన్ని, రక్త పరీక్షను, పని చరిత్రను కలిపి చూసే వ్యవస్థ రావాలి.

నిర్ధారణ పేరు మారితే హక్కు కూడా మారుతుంది. సిలికోసిస్ 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం (2025 నవంబర్‌లో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది) జాబితాలో ఉన్న వృత్తి వ్యాధి. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టంలోని 25వ సెక్షన్ కింద గని, క్వారీ కార్మికుల్లో నోటిఫై చేసిన వ్యాధిని గుర్తించిన వైద్యుడు గనుల భద్రతా అధికారులకు తెలియజేయాల్సి ఉండేది. రెండుసార్లు టీబీ అని రాసిన కాగితాల వల్ల ఈ రోగి విషయంలో ఇన్నేళ్లుగా ఆ సమాచారం ఎవరికీ వెళ్లలేదు. మా నివేదిక పంపాము. పాత క్వారీలో పనిచేసినట్టు రుజువులు, అంటే కూలీ చీటీలు, అప్పటి మేస్త్రీ, తోటి కార్మికుల వాంగ్మూలాలు, ఆయన కొడుకు సేకరిస్తున్నాడు. అదే కంప్రెసర్ ముఠాలో పనిచేసిన మిగతావారి పేర్లు ఆయన చెప్పగా రాసుకున్నాము. వారిలో కొందరు ఇప్పటికే వచ్చి ఎక్స్‌రే, తెమడ, ఊపిరి పరీక్షలు చేయించుకున్నారు. మిగిలినవారిని ఆశా కార్యకర్త విడతలవారీగా పంపిస్తోంది.